బాత్రూమ్ బయట చదివే ప్రార్థన: యూదుల రోజువారీ జీవితంలో పవిత్రత

నమస్తే అండి. ముందు ఈ కప్పు చూడండి. స్టీలుది, అర లీటరు పైనే పడుతుంది. దీనికి రెండు చెవులున్నాయి, ఇటొకటి, అటొకటి. ఇది తాగడానికి కాదు, చేతులు కడుక్కోవడానికి. ఇలాంటిది నేను మొదటిసారి చూసింది న్యూజెర్సీలో.

ఎడిసన్‌లో మనవాళ్లు ఎంతమంది ఉంటారో మీకు చెప్పక్కర్లేదు. దాని పక్కనే హైలాండ్ పార్క్ అని చిన్న ఊరు. సంప్రదాయాన్ని గట్టిగా పాటించే యూదు కుటుంబాలు అక్కడ చాలా ఉన్నాయి. అలాంటి ఒక ఇంట్లో పై పోర్షన్‌లో నేను అద్దెకుండేవాణ్ణి. కింద ఓనరమ్మ ఉండేది, డెబ్బై దాటిన పెద్దావిడ. మొదటి వారంలోనే ఒకరోజు అద్దె ఇద్దామని కిందికి వెళ్లాను. ఆవిడ బాత్రూమ్‌లోంచి బయటికొచ్చి, బయట ఉన్న సింకులో చేతులు కడుక్కుని, గోడ వైపు తిరిగి నిలబడింది. గోడ మీద ఫ్రేము కట్టిన కాగితం. పెదవులు కదులుతున్నాయి. అర నిమిషం పట్టింది. ఆ తర్వాతే నా వైపు తిరిగి పలకరించింది.

బాత్రూమ్‌కి వెళ్లొచ్చి ప్రార్థన! నాకు అర్థం కాలేదు. మా ఇంట్లో దేవుడి గదికి, బాత్రూమ్‌కి ఎంత దూరం ఉంటే అంత మంచిదనుకునేవాళ్లం. అడగడానికి నాకు రెండు నెలలు పట్టింది. అడిగాక ఆవిడ చెప్పింది వినడానికి ఇంకో రెండేళ్లు చాల్లేదు. అందులో కొంత మీకు చూపిద్దామనే ఈ వీడియో.

మొదట ఒక మాట. హీబ్రూలో పవిత్రం అనడానికి 'కదోష్' అంటారు. దాని అసలు అర్థం 'వేరుగా ఉంచినది'. బంగారం కడ్డీలా తనంతట తాను మెరిసే వస్తువని కాదు. ఎవరో ఒకరు చేత్తో తీసి, పక్కన పెట్టి, ఇది మిగతావాటిలాంటిది కాదు అంటే అది కదోష్. అందుకే యూదు సంప్రదాయంలో రోజంతా చిన్న చిన్న విరామాలు ఉంటాయి. తినేముందు ఆగు, తాగేముందు ఆగు, ఆ పనికీ ఈ పనికీ మధ్య ఒక్క క్షణం ఆగి, ఒక వాక్యం చెప్పు. ఆ వాక్యాన్ని 'బ్రాఖా' అంటారు, అంటే స్తుతి. మామూలుగా అవి 'బారూఖ్ అతా' అని మొదలవుతాయి, 'నీకు స్తుతి' అని.

ఇంకొకటి కూడా ముందే చెప్పేస్తాను. దేవుడి పేరు వాళ్లు ఊరికే పలకరు. బ్రాఖా నిజంగా చెప్పేటప్పుడు తప్ప, నేర్పేటప్పుడు, మాటల్లో వచ్చినప్పుడు 'హషెమ్' అంటారు. 'ఆ పేరు' అని దాని అర్థం. నేనూ ఈ వీడియోలో అలాగే అంటాను. యూదులందరూ ఇవన్నీ పాటిస్తారని అనుకోకండి. వాళ్లలోనూ రకరకాల శాఖలున్నాయి, ఏమీ పాటించనివాళ్లూ ఉన్నారు. నేను చూసింది ఒక సంప్రదాయ కుటుంబాన్ని.

సరే, పొద్దున్నే మెలకువ వచ్చింది. ఫోను తీసుకోలేదు, మంచం కూడా దిగలేదు. 'మోదే అని' అని ఒక చిన్న వాక్యం ఉంటుంది. ఆడవాళ్లు 'మోదా అని' అంటారు. నా ప్రాణాన్ని కరుణతో మళ్లీ నాకు ఇచ్చావు, నీకు కృతజ్ఞతలు, నీ విశ్వసనీయత గొప్పది అని దాని సారాంశం. ఇందులో దేవుడి పేరు ఎక్కడా లేదు. నిద్ర లేచిన చేతులు ఇంకా కడగలేదు కదా, అందుకని పేరు లేకుండానే కూర్చారు. కృతజ్ఞత చెప్పడానికి మాత్రం చేతులు కడిగేదాకా ఆగక్కర్లేదన్నమాట. నాకు ఇది చాలా ఇష్టం.

తర్వాత ఈ కప్పు. ఇలా చూడండి. నీళ్లు నింపి కుడిచేత్తో పట్టుకుంటారు. ఎడమచేతికి అందిస్తారు. ముందు కుడిచేతి మీద మణికట్టు దాకా ఒకసారి పోస్తారు. ఇప్పుడు చెయ్యి మార్చి ఎడమచేతి మీద. మళ్లీ కుడి, మళ్లీ ఎడమ. అలా మార్చి మార్చి ఒక్కో చేతికి మూడుసార్లు. రెండు చెవులు ఎందుకో ఇప్పుడు తెలిసిందా? కడిగిన చెయ్యి ఒక చెవిని, కడగని చెయ్యి ఇంకో చెవిని పట్టుకుంటాయి. మురికి వదిలించుకోవడం కోసం కాదిది. చేతులు ముందే శుభ్రంగా ఉండాలి. సబ్బు పని అయ్యాక ఈ పని.

ఇక ఆ గోడ మీది కాగితం దగ్గరికి వద్దాం. ఆ ప్రార్థన పేరు 'అషెర్ యత్సర్'. యూదు గురువుల చర్చలన్నీ కూర్చిన పాత గ్రంథం తల్మూద్. అందులో అబ్బయే అనే గురువు పేరు మీద ఉంది, అంటే పదహారు, పదిహేడు వందల ఏళ్ల నాటిది. బాత్రూమ్ లోపల పవిత్రమైన మాటలు పలకకూడదు కాబట్టి, బయటికొచ్చి, చేతులు కడుక్కుని చెబుతారు. నాకు తెలిసినంతలో తెలుగులో చెబుతాను, నెమ్మదిగా వినండి.

"హషెమ్, మా దేవా, విశ్వానికి రాజా, నీకు స్తుతి. నువ్వు మనిషిని జ్ఞానంతో మలిచావు. అతనిలో ఎన్నో రంధ్రాలు, ఎన్నో బోలు భాగాలు సృష్టించావు. వాటిలో ఒక్కటి తెరుచుకుపోయినా, ఒక్కటి మూసుకుపోయినా, బతికి నీ ముందు నిలబడటం సాధ్యం కాదని నీకు తెలుసు. శరీరమంతటినీ బాగుచేసేవాడా, అద్భుతాలు చేసేవాడా, నీకు స్తుతి."

ఆవిడ ఇది చదివి వినిపించి, "నా భర్తకి ఆపరేషన్ అయ్యాక మూడు రోజులు యూరిన్ రాలేదు. నాలుగో రోజు వచ్చింది. ఆ రోజు ఆయన ఈ ప్రార్థన చెప్పడం నేను తలుపు బయటినుంచి విన్నాను" అంది. అంతే, ఇంకేం చెప్పలేదు. మా నాన్నకి కిడ్నీలో రాయి ఉన్నప్పుడు మా ఇంట్లో పడ్డ టెన్షన్ నాకు గుర్తొచ్చింది. రాత్రి రెండింటికి హాస్పిటల్ కారిడార్‌లో నర్సు బయటికొచ్చి "వచ్చిందండీ" అంటే, మా అమ్మ రెండు చేతులూ జోడించింది. ఆ దండం ఎవరికి పెడుతోందో అప్పుడు మాకెవరికీ అడగాలనిపించలేదు. యూదులు ఆ దండాన్ని మాటల్లో రాసుకున్నారు. జబ్బు చేసిన రోజున కాదు, అన్నీ సవ్యంగా జరుగుతున్న మామూలు రోజున, వెళ్లొచ్చిన ప్రతిసారీ చెప్పమన్నారు.

తల్మూద్‌లో రబ్బీ మెయిర్ (రబ్బీ అంటే గురువు) రోజుకి వంద బ్రాఖాలు చెప్పాలన్నాడు. వంద అంటే చాలా ఎక్కువ అనిపిస్తుంది కానీ లెక్క చూడండి. రోజుకి మూడు పూటలా నిలబడి చేసే ప్రార్థనలో పందొమ్మిదేసి ఉంటాయి, అక్కడికే 57 అయిపోయాయి. మిగతావి పొద్దున్న లేచాక చెప్పేవి, తిండికి చెప్పేవి, ఇలా ఈ అషెర్ యత్సర్ లాంటివి.

తిండి విషయానికొద్దాం. ఇదిగో యాపిల్, ఇదిగో అరటిపండు. రెండూ పళ్లే, కానీ బ్రాఖాలు వేరు. యాపిల్‌కి 'చెట్టు ఫలాన్ని సృష్టించినవాడా' అంటారు. అరటిపండుకి 'నేల ఫలాన్ని సృష్టించినవాడా' అనాలి. ఎందుకు? పండు కోసుకున్నాక అదే కొమ్మ మళ్లీ ఏడాది కాస్తే అది చెట్టు అని తల్మూద్ లెక్క. అరటి సంగతి మనకి తెలిసిందే. గెల కొట్టేశాక ఆ చెట్టు పని అయిపోతుంది, పక్కన పిలక లేస్తుంది. అందుకని అరటి నేల లెక్కలోకి వస్తుంది. వేరుశెనక్కాయలూ అంతే. మామిడికి చెట్టు బ్రాఖా. అన్నానికి ఇంకోటి, గోధుమతో చేసిన కేకులకి చెప్పే బ్రాఖానే దానికీ చెబుతారు. మంచినీళ్లకి కూడా ఉంది, దాహం వేసి తాగితే.

ఇంత లెక్క ఎందుకని నేనూ అడిగాను. ఆలోచిస్తే తెలుస్తుంది. పండు నోట్లో పెట్టుకునేముందు, ఇది ఎక్కడ కాసింది, చెట్టునా, నేలనా అని ఒక్క క్షణం అనుకోకుండా ఆ బ్రాఖా చెప్పలేం. తెలియకుండా గబగబా తినే పని ఉండదు.

దీని మీద తల్మూద్‌లో రబ్బీ లేవీ చెప్పిన మాట ఒకటుంది. బైబిల్‌లోని కీర్తనల్లో ఒకచోట 'భూమి దేవుడిది' అని ఉంటుంది. ఇంకోచోట 'భూమిని మనుషులకిచ్చాడు' అని ఉంటుంది. ఏది నిజం? రెండూ నిజమే. మొదటిది బ్రాఖా చెప్పకముందు, రెండోది చెప్పాక. అడక్కుండా తింటే గుడి సొత్తు వాడుకున్నట్టే అని అదే చోట అంటారు.

రొట్టె తినే పద్ధతి చూడాలి మీరు. మళ్లీ ఇదే కప్పుతో చేతులు కడుక్కుంటారు, ఈసారి కుడిచేతి మీద వరసగా రెండుసార్లు, ఎడమచేతి మీద రెండుసార్లు. బ్రాఖా చెప్పి చేతులు తుడుచుకుంటారు. అక్కడినుంచి రొట్టె ముక్క మింగేదాకా మాట్లాడరు. ఒక శుక్రవారం రాత్రి నన్ను భోజనానికి పిలిచారు. టేబుల్ చుట్టూ పదిమందిమి, పిల్లలతో సహా అందరూ మౌనం. ఉప్పు అవతలి చివర ఉంది. ఆవిడ వేళ్లు కలిపి చల్లుతున్నట్టు సైగ చేస్తే, మనవడు తెచ్చి ఇచ్చాడు. రొట్టెని ఉప్పులో మూడుసార్లు అద్ది పంచింది. జెరూసలేంలోని రెండో ఆలయాన్ని రోమన్లు క్రీ.శ. 70లో కూల్చేశారు. అక్కడ బలిపీఠం మీద అర్పించే ప్రతిదానికీ ఉప్పు ఉండాలని నియమం. ఆలయం పోయాక మనిషి తినే బల్లే బలిపీఠం అని గురువులు అన్నారు. ఆ ఉప్పు అక్కడినుంచి వచ్చింది. అతిథిని కూర్చోబెట్టి పెడితేనే ఆ మాటకి అర్థమని ఆవిడ గట్టిగా అనేది.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ నీకూ దేవుడికీ మధ్య జరిగేవి. అక్కడితో ఆగితే సగమే తెలిసినట్టు. తెలుగు బైబిల్ ఉన్నవాళ్లు లేవీయకాండము 19వ అధ్యాయం తీయండి. మొదట్లోనే 'మీరు పరిశుద్ధులై ఉండండి' అని ఉంటుంది. సరే, ఎలా? కింద చదవండి. అమ్మానాన్నలని గౌరవించు. పొలం కోసేటప్పుడు అంచులు కోయకు, బీదవాళ్లకి వదిలేయ్. కూలివాడి డబ్బులు తెల్లారేదాకా నీ దగ్గర ఉంచుకోకు. గుడ్డివాడి దారిలో అడ్డం పెట్టకు. అధ్యాయం చివరికొచ్చేసరికి తక్కెడ, రాళ్లు, కొలతలు సరిగ్గా ఉండాలి అంటుంది. పవిత్రంగా ఉండమని మొదలుపెట్టి తక్కెడ దగ్గరికి తెచ్చింది!

దాన్ని తర్వాతి గురువులు ఇంకా చిన్నచిన్న విషయాల దాకా తీసుకెళ్లారు. తల్మూద్‌కి ఆధారమైన పాత నియమాల సంకలనం మిష్నా, అందులో ఒక నియమం ఉంది. చిల్లర దుకాణం నడిపేవాడు కొలపాత్రలు వారానికి రెండుసార్లు కడగాలి, తూకం రాళ్లు వారానికొకసారి తుడవాలి, తక్కెడ మాత్రం తూచిన ప్రతిసారీ తుడవాలి. ఎందుకంటే నూనో పిండో అంటుకుని ఉంటే తూకం తేడా వస్తుంది. ఆ చుక్కంత తేడా కొనేవాడిది. మా తాతకి కిరాణా కొట్టు ఉండేది కాబట్టి నాకు ఈ నియమం మీద ఇంత మక్కువ. బెల్లం తూచాక తక్కెడ పళ్లెం ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఇంకో నియమం, కొనే ఉద్దేశం లేనప్పుడు ధర అడగకు. కొంటారని ఆశపడ్డవాడి మనసు నొప్పించినట్టు అవుతుంది. చనిపోయాక మనిషిని తీర్పులో అడిగే మొదటి ప్రశ్న ఏమిటో రావా అనే గురువు చెప్పాడు: "వ్యాపారం నిజాయితీగా చేశావా?"

మీరు ఇవన్నీ చెయ్యాలని నేననడం లేదు. బ్రాఖాలు ఆ మతస్థులవి, వాటిని వాళ్లకే గౌరవంగా వదిలేద్దాం. కూలి డబ్బులు మాత్రం ఎవరైనా సాయంత్రానికే ఇవ్వొచ్చు. మా ఇంట్లో పనిచేసే ఆవిడకి జీతం ఒకటో తారీఖున ఇచ్చేవాణ్ణి, ఒక్కోసారి మూడో నాలుగో అయ్యేది. ఆ అధ్యాయం చదివాక మళ్లీ ఆలస్యం చెయ్యలేదు.

చివరిగా షబ్బాత్, అంటే శుక్రవారం సాయంత్రం మొదలై శనివారం చీకటి పడేదాకా ఉండే విశ్రాంతి రోజు. తోరాలో, అంటే బైబిల్ మొదటి ఐదు పుస్తకాల్లో, మొట్టమొదట పవిత్రమైందని పిలిచింది గుడినో కొండనో కాదు, ఒక రోజుని, ఏడో రోజుని. శుక్రవారం సూర్యాస్తమయానికి 18 నిమిషాల ముందు దీపాలు వెలిగిస్తారు. న్యూజెర్సీలో డిసెంబర్‌లో అయితే నాలుగుంబావు కల్లా వెలిగించెయ్యాలి, అందుకని శుక్రవారం మధ్యాహ్నం ఆ ఇంట్లో పరుగులే పరుగులు. వెలిగించాక ఆవిడ చేతులతో మూడుసార్లు వెలుగుని తనవైపు తిప్పుకున్నట్టు చేసి, కళ్లు మూసుకుని బ్రాఖా చెబుతుంది. ముందు బ్రాఖా చెప్పాలి కదా అంటారేమో. బ్రాఖాతో షబ్బాత్ మొదలైపోతుంది, మొదలయ్యాక నిప్పు వెలిగించకూడదు. అందుకని ముందు వెలిగించి, కళ్లు మూసుకుని, చెప్పి, అప్పుడు తెరిచి చూస్తారు. ఇది మన దగ్గరా జరుగుతుంది. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిం అనే చిన్న సమాజం ఉంది. యూదు ధర్మాన్ని పాటించే తెలుగువాళ్లు, వాళ్ల సినగాగ్, అంటే ప్రార్థనా మందిరం, అక్కడే ఉంది.

శనివారం చీకటి పడి, చుక్కలు కనబడ్డాక హవ్దలా, షబ్బాత్‌కి వీడ్కోలు చెప్పే చిన్న తంతు. ఆ మాటకి వేరుచేయడం అని అర్థం, కదోష్ దగ్గర విన్న సంగతే. ఒక గిన్నెలో ద్రాక్షరసం, ఒక చిన్న డబ్బాలో లవంగాలు, జడలా అల్లిన కొవ్వొత్తి. లవంగాల డబ్బా ఒకరి చేతినుంచి ఒకరికి వెళ్తుంది, అందరూ వాసన చూస్తారు. తర్వాత కొవ్వొత్తి వెలుగులో వేళ్లు ముడిచి గోళ్లు చూసుకుంటారు. వెలుగుకి బ్రాఖా చెప్పాలంటే ఆ వెలుగుని దేనికైనా వాడుకోవాలి, అందుకని గోళ్లు. కొవ్వొత్తిని ఒలికిన ద్రాక్షరసంలో ముంచితే చుయ్‌మని ఆరిపోయింది. ఆవిడ లేచి వంటింట్లో లైటు వేసింది. సింకు నిండా రెండు రోజుల గిన్నెలు. చేతులు పైకి మడుచుకుని అవి కడగడం మొదలుపెట్టింది, నేను తుడిచి పెట్టాను. అన్నీ అయ్యాక రెండు చెవుల కప్పు నిండా నీళ్లు పట్టి, పొద్దున్నకి మంచం పక్కన పెట్టుకోవడానికి లోపలికి తీసుకెళ్లింది.