పాట మొదట ఎవరిది?

వేదిక మీది పెద్దలకు, ముందు కూర్చున్న అన్నలకు, అక్కలకు నమస్కారం. పేరుపేరునా చెప్పడం మొదలుపెడితే నాకిచ్చిన టైమంతా అక్కడే అయిపోతుంది, మన్నించండి.

హన్మకొండలో క్యాసెట్ల షాపు నడిపినవాణ్ని. ఇంగ్లీషు హిట్ పాటల గురించి మాట్లాడమన్నారు. కాజీపేట ఆర్‌ఈసీ ఇంజనీరింగ్ కాలేజీ హాస్టల్ పిల్లలు ఖాళీ క్యాసెట్లు తెచ్చి పాటలు నింపించుకునేవాళ్లు, అట్లా ఆ పాటలు నా చెవిన పడ్డాయి. 'టెయింటెడ్ లవ్' అంటే అందరికీ సాఫ్ట్ సెల్ అనే బ్రిటన్ బృందం పాటే. 1981లో బ్రిటన్ చార్టులో, అంటే ఎక్కువ అమ్ముడైన పాటల జాబితాలో, మొదటి స్థానానికి వెళ్లింది. కానీ 1965లోనే గ్లోరియా జోన్స్ అనే అమెరికా గాయని పాడితే, రికార్డుకు రెండో వైపు వేశారు. ఏ చార్టూ ఎక్కలేదు. ఇంగ్లండ్ ఉత్తరాది క్లబ్బుల్లో డీజేలు ఆ రికార్డు వెతికి వేయబట్టి పాట బతికింది. 'హౌండ్ డాగ్' పాట అమెరికా గాయకుడు ఎల్విస్ ప్రెస్లీది అంటారు. 1953లోనే బిగ్ మామా థార్న్‌టన్ అనే గాయని గొంతులో అది అమెరికా నల్లజాతివాళ్ల పాటల చార్టులో, ఆర్ అండ్ బీ చార్టంటారు, ఏడు వారాలు మొదటి స్థానంలో నిలిచింది.

ఇట్లాంటివి ఇంకా రాసుకొచ్చాను. కాగితం పక్కన పెడుతున్నా. సోలమన్ లిండా సంగతి చెప్పనిదే నాకు మనసున పట్టదు.

దక్షిణాఫ్రికా జులూ మనిషి. జొహాన్నెస్‌బర్గ్‌లో రికార్డుల కంపెనీలో ప్యాకింగ్ పని. 1939లో అదే కంపెనీ స్టూడియోలో తన బృందంతో 'ఎంబూబే' పాడాడు. చివర్లో అప్పటికప్పుడు గొంతెత్తి ఒక వరస తీశాడు. హక్కులకు దక్కింది పది షిల్లింగులు. పది షిల్లింగులు! ఆ వరస మీదనే ఇంగ్లీషు మాటలు కట్టి, 1961లో టోకెన్స్ బృందం 'ది లయన్ స్లీప్స్ టునైట్' పాడితే అమెరికాలో నంబర్ వన్ అయింది. మరుసటి ఏడే లిండా చనిపోయాడు, పేదరికంలోనే. సమాధికి రాయి పెట్టించడానికే ఇంటివాళ్లకు ఏళ్లు పట్టింది. కోర్టుకెక్కితే 2006లో గానీ రాజీ కుదరలేదు.

ఈ కథ చదివిన రోజు నాకు మా పెద్దమ్మ యాదికొచ్చింది. నాట్లేస్తూ ఆమె కట్టిన పాట ఒకటి క్యాసెట్‌గా నా షాపుకే వచ్చింది. కవరు మీద రచన అని ఇంకెవరిదో పేరు. క్యాసెట్ వేసినవాళ్లను అడిగితే, "జానపదానికి ఓనరెవరే?" అన్నారు. ఉన్నది కదా అయ్యా, మా ఇంట్లనే ఉన్నది, అప్పటికింకా బతికే ఉన్నది!

ఎవరూ పాడొద్దని నేననను. పాడాలి, సినిమాలో పెట్టుకోవాలి, డీజేలో వేసుకోవాలి. గ్లోరియా జోన్స్ పాట ఇంకొకరు పాడబట్టే మనదాకా వచ్చింది. పేరు చెప్పండి, వచ్చిన పైసల్లో వాటా ఇవ్వండి. అంతే నేనడిగేది.

అక్కలారా, మీలో నాట్ల పాటలు, బతుకమ్మ పాటలు వచ్చినవాళ్లు ఎంతమంది? చేతులెత్తండి. సభ అయినంక వెళ్లిపోకండి. తలుపు దగ్గర రిజిస్టరు, ఫోన్ రికార్డర్ పెట్టించాను. పాడేముందు ఎవరి దగ్గర నేర్చుకున్నారో, ఏ ఊరో రాయించండి. పల్లవి ఒక్కటే గుర్తున్నా సరే, రండి.