రోడ్డు ఆగిన చోట ఒక పూటకూళ్ల ఇల్లు

శ్రోతలకు నమస్కారం. ఈ వేళ నేను చెప్పబోయేది ఇంగ్లండు వాయవ్య భాగంలో, ఒకప్పటి కంబర్లాండ్ కౌంటీలో, బండి దారి ఆగిపోయిన చోట వెలసిన ఒక పూటకూళ్ల ఇంటి చరిత్ర. విక్టోరియా రాణి కాలంలో దానిని నడిపిన విల్ రిట్సన్ గురించే ఎక్కువ చెబుతాను, ఎందుకంటే ఆయన తరువాత వచ్చిన యజమానులు ఇల్లు నడిపారు గాని ఆయన లాగా కథ నడపలేదు.

ఆ ఊరి పేరు వాస్‌డేల్ హెడ్. ఊరంటే కొన్ని రైతుల ఇళ్లు, యూ చెట్ల మధ్య ఒక చిన్న చర్చి, అంతే. ఒక వైపు వాస్ట్‌వాటర్ సరస్సు, ఇంగ్లండులో అన్నిటికంటె లోతైనది. తక్కిన మూడు వైపులా కొండలే. వాటిలో 978 మీటర్ల స్కాఫెల్ పైక్ ఆ దేశానికే ఎత్తైన శిఖరం. అన్నిటికంటె ఎత్తైన కొండ, అన్నిటికంటె లోతైన సరస్సు, అన్నిటికంటె చిన్న చర్చి, అన్నిటికంటె పెద్ద అబద్ధాలకోరు, ఈ నాలుగూ మా ఊరివే అని అక్కడివారు గర్వంగా చెప్పుకొనేవారు. ఆ నాలుగో ఘనత మన రిట్సన్‌ది.

1808లో పుట్టిన రిట్సన్ మొదట రైతు, గొర్రెల కాపరి, కుస్తీలు పట్టినవాడు, వేటకుక్కలను పెంచినవాడు. 1856లో తన ఇంటికి కొంత భాగం అదనంగా కట్టి, మద్యం అమ్మడానికి లైసెన్సు తీసుకుని, దానికి హంట్స్‌మన్స్ ఇన్ అని పేరు పెట్టాడు. అప్పటికి సముద్రతీరం వెంబడి రైలు వచ్చింది, 1865 నాటికి కొండలకు అవతలి పక్క కెజిక్ పట్టణానికి కూడా వచ్చింది, కాని ఈ లోయలోకి మాత్రం ఏ రైలూ రాలేదు. తీరంలో దిగినవారు గుర్రబ్బండి మీద రావాలి, కెజిక్‌లో దిగినవారు స్టై హెడ్ అనే కనుమ దాటి నడిచి రావాలి. కాబట్టి ఆ గుమ్మంలో అడుగు పెట్టిన ప్రతి బాటసారీ అలసిపోయి, చాలాసార్లు తడిసి ముద్దయి వచ్చేవాడు, వచ్చాక సాయంత్రం పొద్దుపోవడానికి అతనికి వేరే దారి ఉండేది కాదు. రిట్సన్ వ్యాపారమంతా అక్కడే ఉంది. తిండీ బీరూ ఎవరైనా అమ్మగలరు. ఆయన వాటితో పాటు తన మాటను వడ్డించాడు.

ఆ మాటల్లో నాకు అన్నిటికంటె ఇష్టమైనది వేటకుక్కల కథ. రిట్సన్ ఒకరోజు కొండ మీద దెబ్బ తగిలి పడి ఉన్న గోల్డెన్ ఈగిల్‌ను, అంటే బాగా పెద్ద గద్దను, చూశాడట. జాలిపడి ఇంటికి తెచ్చి, కోళ్ల దొడ్డిలో ఉంచి, మేపి, దెబ్బ మాన్పాడట. ఒక రాత్రి ఆయన పెంచే ఆడ వేటకుక్క ఆ కోళ్ల దొడ్డిలోకి దూరిందట. రెండు నెలలు గడిచాక కుక్క పిల్లలను పెట్టింది. పిల్లలకు రెక్కలు ఉన్నాయి! అవి పెద్దవై నక్క వెంట పడినప్పుడు, దారిలో ఎంత ఎత్తు గోడ అడ్డం వచ్చినా రెక్కలు విప్పి అవతలికి ఎగిరిపోయేవట. ఇదంతా ముఖంలో నవ్వు జాడ కూడా లేకుండా, గొర్రెల ధర చెప్పినంత మామూలుగా చెప్పేవాడట. మన పిట్టలదొర కట్టె తుపాకి భుజాన వేసుకుని, లేని ఎస్టేట్ల గురించి మాట్లాడేటప్పుడు చూపే నిబ్బరమే ఇది. నిబ్బరం సడలిందా, కథ కూలిపోతుంది.

ఈ కథ కట్టిన తీరును కొంచెం దగ్గరగా చూడండి. ఆ లోయలో పొలాల నుంచి ఏరి తీసిన రాళ్లను సున్నం లేకుండా పేర్చి కట్టిన గోడలు ఈనాటికీ ఉన్నాయి, వాటి మందం చూస్తేనే ఆశ్చర్యం వేస్తుంది. ఆ కొండల మీద గుర్రాలు ఎక్కలేవు కనుక వేటగాళ్లు కుక్కల వెంట కాలినడకనే పోయేవారు, అడుగడుగునా గోడలు అడ్డం తగిలేవి. ఆ కొండల్లో ఒకప్పుడు గోల్డెన్ ఈగిల్స్ గూళ్లు కట్టుకున్నమాటా నిజమే. గోడ నిజం, కుక్క నిజం, నక్క నిజం, గద్ద నిజం. అబద్ధం ఒక్క రెక్కల దగ్గరే ఉంది. టర్నిప్ దుంపల కథ కూడా ఇలాంటిదే. వాస్‌డేల్‌లో టర్నిప్‌లు ఎంత పెద్దవంటే, ఆదివారం భోజనానికి జనం వెళ్లి గనిలో తవ్వినట్టు తవ్వుకుని తెచ్చుకొనేవారని, తవ్వగా మిగిలిన డొల్లల్లో చలికాలం గొర్రెలు తలదాచుకొనేవని చెప్పేవాడు. శీతాకాలంలో గొర్రెలకు టర్నిప్‌లు వేసి మేపడం అక్కడ రైతులందరికీ తెలిసిన పని. తెలిసిన పనినే పట్టుకుని దాన్ని వందరెట్లు చేశాడు, అంతకు మించి ఏమీ కల్పించలేదు.

ఆయన పేరు మీద ఇప్పటికీ ఆ ప్రాంతంలోనే శాంటన్ బ్రిడ్జ్ అనే చోట ప్రతి నవంబరులో అబద్ధాల పోటీ జరుగుతుంది. మాట్లాడేవారికి ఐదు నిమిషాలే గడువు. నా జన్మలో అబద్ధమాడలేదు అని ఒక్క వాక్యం పలికి ఒక బిషప్ బహుమతి కొట్టేశాడని చెప్పుకొంటారు. ఆ మాట కూడా పోటీకి పెట్టవలసినదే కావచ్చు.

1879లో రిట్సన్ పని నుంచి తప్పుకున్నాడు. డాన్ టైసన్ వంటివారు తరువాత యజమానులయ్యారు, పేరు వాస్ట్‌వాటర్ హోటల్‌గా మారింది, వచ్చే జనం కూడా మారారు. 1881లో ఆక్స్‌ఫర్డ్ విద్యార్థి వాల్టర్ హాస్కెట్ స్మిత్ మిత్రులతో కలిసి చదువుకోవడానికి అక్కడికి వచ్చి, చదువుతో పాటు కొండరాళ్లు ఎక్కడం మరిగాడు. 1886లో గ్రేట్ గేబుల్ కొండ పక్కన సూదిలా నిలిచిన నేప్స్ నీడిల్ అనే రాతి స్తంభాన్ని తాడు లేకుండా ఒంటరిగా ఎక్కాడు. పైన నిలబడే చోటు ఉందో లేదో తెలియక కింద నుంచి రాళ్లు విసిరి చూశాడు. ఒక రాయి పైన ఆగింది. ఆగింది కనుక పైభాగం చదునుగా ఉందని లెక్క వేసుకుని ఎక్కాడు, ఎక్కి తన చేతిరుమాలు అక్కడ వదిలి వచ్చాడు. ఆ తరువాత క్రిస్మస్‌కు, ఈస్టర్‌కు హోటల్ హాలు నిండా మేకులు కొట్టిన బూట్లు, తడి తాళ్లు. బిలియర్డ్స్ బల్ల మీద కర్రలు వదిలేసి చేతులతో బంతులు కొట్టే ఆట సాగేది. 1890లో అదే హోటల్లో ఒక పుస్తకం పెట్టారు. ఎవరు, ఏ తేదీన, ఏ రాతిని, ఏ దారిన ఎక్కారో అందులో రాయాలి. రెక్కల కుక్కలు పుట్టిన ఇంట్లోనే, వేలికి దొరికే పగులు ఎక్కడుందో తేడా రాకుండా రాసే పుస్తకం వెలిసింది! నాకు ఈ రెండూ ఒకే పనిగా కనిపిస్తాయి. ఆ కొండను అంగుళం అంగుళం ఎరిగినవాడే పెద్ద అబద్ధమైనా ఆడగలడు, నికార్సైన నిజమైనా రాయగలడు.

ఇక చివరగా, బ్రిటన్‌లో ఉద్యోగాలు చేస్తున్న పిల్లల దగ్గరకు వెళ్లి, వాస్‌డేల్ ఉన్న ఈ కొండలూ సరస్సుల ప్రాంతాన్ని, అంటే లేక్ డిస్ట్రిక్ట్‌ను, చూసి రావాలనుకొనే తల్లిదండ్రులకు ఒక మాట. అందరూ వెళ్లే విండర్‌మియర్ తూర్పున ఉంది, వాస్‌డేల్ పడమట ఉంది. పటంలో దగ్గరగా కనిపిస్తుంది గదా అని హార్డ్‌నాట్ కనుమ మీదుగా కారు నడపకండి. బ్రిటన్‌లోని అతి నిటారు రోడ్లలో అది ఒకటి, మలుపులు కూడా ఇరుకైనవి. కొంత ఆలస్యమైనా తీరం వైపు నుంచి చుట్టి రండి. హోటల్ ఇప్పటికీ నడుస్తోంది, అక్కడి బారుకు రిట్సన్ పేరే పెట్టారు.