ప్రభ ఒడ్డెక్కిందా?

శ్రోతలకు నమస్కారం. నాకిచ్చిన సమయం తక్కువ. అందుకని మెమరీ కార్డు పుట్టుపూర్వోత్తరాల జోలికి పోను. ఎస్‌డీ కార్డు 1999లో వచ్చింది, దాని చిన్న తమ్ముడు మైక్రో కార్డు మరి కొన్నేళ్ళకు వచ్చింది. చరిత్ర అంతే. మొన్న కనుమ రాత్రి మా ఇంట్లో జరిగిన సంగతి చెబుతాను.

జగ్గన్నతోట తీర్థం గురించి కోనసీమ వాళ్ళకు నేను చెప్పేదేముంది? తక్కినవారి కోసం రెండు ముక్కలు. అంబాజీపేట దగ్గర మొసలపల్లి కొబ్బరితోటలోకి, కనుమ నాడు పదకొండు ఊళ్ళ నుంచి ఏకాదశ రుద్రులు ప్రభల మీద తరలివస్తారు. ప్రభ అంటే వెదురుతో ఎత్తుగా కట్టి, అలంకరించి, భుజాల మీద మోసే వాహనం. 2023లో ఢిల్లీ గణతంత్ర దినోత్సవంలో మన రాష్ట్ర శకటం ఈ ప్రభల తీర్థమే. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు పచ్చని వరిచేల మీదుగా వచ్చి, కౌశిక కాలువలో దిగి, అవతలి ఒడ్డెక్కాలి. చేను తొక్కారని ఏ రైతూ కోపగించుకోడు. స్వామి తన చేలోంచి వెళ్ళడమే భాగ్యం అనుకుంటాడు.

మా పెద్దత్తయ్యకు ఎనభై దాటాయి. పెళ్ళై వచ్చినప్పటి నుంచి ఏ ఏడూ తీర్థం తప్పలేదు. ఈసారి మోకాళ్ళు వద్దన్నాయి. "నువ్వు మంచం మీద కూర్చో అమ్మమ్మా, తీర్థం నీ దగ్గరికే వస్తుంది" అని మా మేనల్లుడు మాటిచ్చి వెళ్ళాడు. ఒక వీడియో కెమెరా సంపాదించి, ప్రభ చేలో దిగిన దగ్గర్నుంచి ఒడ్డెక్కేదాకా నలభై నిమిషాలు ఆపకుండా తీశాడు.

రాత్రి భోజనాలయ్యాక అత్తయ్య పాత టాబ్లెట్ తెచ్చాం. భజనలు వినడానికి ఎప్పుడో కొనిచ్చింది. బొటనవేలి గోరంత మైక్రో కార్డును అడాప్టర్‌లో పెట్టాను. అదేనండీ, పెద్ద కార్డు ఆకారంలో ఉండే నల్ల తొడుగు. అందులో ఏదో యంత్రం ఉందనుకుంటారు చాలామంది. ఏమీ లేదు, తీగలే. తొడుగును రీడరులో, అంటే కార్డును చదివే చిన్న పరికరంలో పెట్టి, రీడరును ఓటీజీ తీగకు, అంటే ఇలాంటి పరికరాలను టాబ్లెట్‌కు కలిపే తీగకు, ఆ తీగను టాబ్లెట్‌కు తగిలించాను. గొలుసు పూర్తయింది. తెర మీద ఒక మాట వచ్చింది: కార్డు పాడైంది, ఫార్మాట్ చేయాలి.

మా వాడు చదివాడో లేదో, నొక్కేశాడు.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఫార్మాట్ అంటే కార్డును తుడిచేయడం. చేలు, కౌశిక, ప్రభ, అన్నీ పోయినట్టే. కానీ ఏమీ కాలేదు. టాబ్లెట్ కాసేపు గింజుకుని, కుదరలేదంది. ఎందుకంటే నేను తొడుగుకు తాళం వేశాను.

ఈ పూట నేను చెప్పదలచింది ఈ ఒక్కటే. తొడుగు అంచున గోటితో జరిపే చిన్న మీట ఉంటుంది. పక్కన లాక్ అని రాసి ఉంటుంది. మీటను అటు జరిపితే కార్డులోంచి చదవడమే గాని, దానిలో రాయడం, చెరపడం కుదరదు. నిజానికి ఆ మీట కార్డును ఏమీ చేయదు. రీడరు దాన్ని తడిమి చూసి, రాయవద్దని టాబ్లెట్‌కు చెబుతుంది. చవకరకం రీడర్లు కొన్ని తడిమి చూడవు. అందుకని ముందొకసారి తాళం వేసి, అక్కర్లేని ఫొటో ఒకటి చెరపబోయి, మీ రీడరు అడ్డుకుంటుందో లేదో చూసుకోండి. మైక్రో కార్డుకు సొంతంగా ఈ మీట లేదు. కాబట్టి కార్డుతో వచ్చిన తొడుగును పెట్టెతో పాటు పారేయకండి. ముందు తాళం, తర్వాత టాబ్లెట్. మళ్ళీ చెబుతున్నాను: ముందు తాళం, తర్వాత టాబ్లెట్.

ఇంతకీ కార్డు పాడవలేదు. అది 64 జీబీ కార్డు. 32 జీబీ దాటిన కార్డులు ఎక్స్‌ఫ్యాట్ అనే పద్ధతిలో సర్దుకుని వస్తాయి. చాలా పాత టాబ్లెట్లకు ఆ లిపి రాదు. తనకు చదవడం రాక, పుస్తకమే చిరిగిందంటుంది! నాకు తెలిసిన మనుషుల్లోనూ ఇలాంటివారున్నారు, పేర్లు వద్దులెండి.

మావాడి కొత్త ఫోను ఆ కార్డును హాయిగా చదివింది. వీడియోను ఫోనులోకి తీసుకుని, ఇంట్లో ఉన్న 16 జీబీ కార్డులోకి ఎక్కించబోయాం. అది చోటు ఉండి కూడా వద్దంది. తక్కువ జీబీల కార్డులు సర్దుకుని వచ్చే పాత పద్ధతిలో ఒక్కొక్క ఫైలు 4 జీబీ మించకూడదు. మాది ఏడుకు పైమాటే. చివరికి ఫోనులోనే రెండు ముక్కలు చేసి ఎక్కించాం. అప్పటికి రాత్రి పదకొండు.

అత్తయ్య నిద్రపోలేదు. ఒళ్ళో టాబ్లెట్ పెట్టుకుని, ప్రభ కనిపించగానే చేతులు జోడించింది. భుజాలు మార్చుకుంటూ కుర్రాళ్ళు చేలు దాటారు. ప్రభ కౌశికలో దిగింది. నీళ్ళ నడుమ కొద్దిగా ఒరిగింది. సరిగ్గా అక్కడ మొదటి ముక్క అయిపోయింది.

రెండో ముక్క ఎక్కడుందో వెతుకుతున్నాం. అత్తయ్య చేతులు దించలేదు.

"ఒరే, ఒడ్డెక్కిందా లేదా? ఆ సంగతి చెప్పండిరా ముందు!"