ఆ మైనం ముక్కను ఇంకొకరికి చూపించాం

నేను: నమస్కారం. ఈ వారం మా వదినతో మాట్లాడుతున్నాను. 32 ఏళ్ల వయసులో, చంకలో ఏడు నెలల పాప ఉండగా ఆమెకు రొమ్ము క్యాన్సర్ అని తేలింది. మొదటి ఆసుపత్రిలో చెప్పినదానికి సరే అనకుండా ఇంకో చోట చూపించుకుంది. ఆ రోజుల్లో ఇంట్లో అందరికన్నా గట్టిగా వద్దన్నది నేనే. వదినా, గడ్డ తగిలిన రోజు నుంచి చెప్పు.

వదిన: పాలిచ్చే రోజులు కదా, పాలు గడ్డకట్టాయనే అనుకున్నాం. కాపడం పెట్టమన్నారు, పాపకు ఆ వైపే ఎక్కువ పట్టమన్నారు. రెండు నెలలు అలాగే గడిచిపోయాయి. పాలగడ్డ అయితే పాప తాగాక కాస్తయినా మెత్తబడాలి. నాది నిమ్మకాయంత ఉండి, పక్కకు కూడా కదలలేదు. పాలిచ్చే తల్లులు ఎవరైనా వింటుంటే ఒక్క మాట. గడ్డ రెండు వారాల్లో తగ్గకపోతే అల్ట్రాసౌండ్ తీయించుకోండి. పాలిస్తున్నప్పుడు కూడా తీస్తారు, అవసరమైతే బయాప్సీ, అంటే సూదితో ముక్క తీసే పరీక్ష, కూడా చేస్తారు.

నేను: మామోగ్రామ్‌లో, అదే రొమ్ము ఎక్స్-రేలో, స్పష్టంగా లేదన్నారు కదా?

వదిన: చిన్న వయసులో రొమ్ము కణజాలం దట్టంగా ఉంటుంది. మామోగ్రామ్‌లో అదీ తెల్లగా కనిపిస్తుంది, గడ్డా తెల్లగానే కనిపిస్తుంది. అల్ట్రాసౌండ్‌లో 3 సెంటీమీటర్లని తేలింది. సూదితో ముక్కలు తీసి ల్యాబుకు పంపారు. మంగళవారం రిపోర్టు వచ్చింది. శుక్రవారం ఆపరేషన్, రొమ్ము మొత్తం తీసేద్దాం, డబ్బు కట్టి రండి అన్నారు. మీ అన్నయ్య కార్డు చేతిలో పట్టుకుని నా ముఖం చూస్తున్నారు. నేను రిపోర్టు చూస్తున్నాను. అందులో 'హెర్-2' అన్న మాట ఎదురుగా 2 ప్లస్ అని ఉంది. అంటే ఏమిటని అడిగాను. ఉందనీ చెప్పలేం, లేదనీ చెప్పలేం, ఆపరేషన్ అయ్యాక చూద్దాం అన్నారు. ఏ రకమో తేలకుండానే కోతకు ఎలా వెళ్లాలి? ఆ ప్రశ్న నన్ను ఆ రాత్రి నిద్రపోనివ్వలేదు.

నేను: వినేవాళ్లకు అర్థమయ్యేలా హెర్-2 గురించి చెప్తావా?

వదిన: రొమ్ము క్యాన్సర్ అన్నది ఒకే జబ్బు కాదమ్మా. ఈస్ట్రోజన్‌ను అందుకునే గ్రాహకం, ప్రొజెస్టిరాన్‌ను అందుకునే గ్రాహకం, హెర్-2 అనే ప్రోటీన్, ఈ మూడూ ఆ కణాల్లో ఉన్నాయా లేవా అన్నదాన్ని బట్టి మందు మారిపోతుంది. హెర్-2 పరీక్షలో సున్నా, 1 ప్లస్ అయితే లేనట్టు. 3 ప్లస్ అయితే ఉన్నట్టు. 2 ప్లస్ వస్తే ఫిష్ అనే ఇంకో పరీక్ష చేసి తేల్చాలి. నాకు అది చేయలేదు.

నేను: అప్పుడు నేను నీతో అన్న మాట నాకింకా గుర్తుంది. "ఒంట్లో క్యాన్సర్ పెట్టుకుని ఊళ్లు తిరుగుతావా?" అన్నాను.

వదిన: అన్నావు. అత్తయ్య కూడా ఏడుస్తూ అదే అన్నారు. మీరు భయపడి అన్నారని తెలుసు. కానీ నాకు ఆ రెండు రోజులూ జబ్బుకన్నా మీ తొందరే బరువనిపించింది. రెండు మూడు వారాల్లో కొంప మునగదని తర్వాత ఇద్దరు డాక్టర్లు చెప్పారు. నెలలు గడిపేయకూడదు, అంతే. మేము క్యాలెండర్‌లో మూడు వారాల తర్వాతి తేదీకి సున్నా చుట్టుకున్నాం. ఆలోపు ఏదో ఒకటి తేల్చుకుందామని.

నేను: మొదటి డాక్టరుకు కోపం వచ్చిందా?

వదిన: రాలేదు. "తీసుకెళ్లండి, నేనైనా మా ఇంట్లోవాళ్లకు అదే చేస్తాను" అని ఉత్తరం కూడా రాసిచ్చారు. ఇబ్బంది పెట్టింది ల్యాబు కౌంటరు. రిపోర్టు జిరాక్సు ఇస్తాం, బ్లాకు ఇవ్వం అన్నారు. బ్లాకు అంటే నా నుంచి తీసిన ముక్కలను మైనంలో ఉంచిన దిమ్మె. రిపోర్టు కాగితం ఇంకో డాక్టరుకు చూపిస్తే ఆయన చదివేదీ ఆ కాగితమే కదా! మళ్లీ చూడాల్సింది ముక్కను. రోగి అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని 2002 నాటి వైద్య మండలి నిబంధనల్లో ఉంది. జాతీయ మానవ హక్కుల కమిషన్ తయారుచేసిన రోగుల హక్కుల పత్రంలో సెకండ్ ఒపీనియన్, అంటే ఇంకో డాక్టరు అభిప్రాయం తీసుకునే హక్కు కూడా ఉంది. అవి రాసి అర్జీ పెట్టాను. మర్నాడు రిజిస్టరులో సంతకం పెట్టించుకుని ఇచ్చారు.

నేను: ఆ బ్లాకు ఎలా ఉంటుందో చెప్పు. నేను మొదటిసారి చూసి ఇంతేనా అనుకున్నాను.

వదిన: అగ్గిపెట్టె కన్నా చిన్న ప్లాస్టిక్ డబ్బీ. దాని మీద తెల్లటి మైనం. మైనంలో నాలుగు ముక్కలు, తెగిన సేమ్యాలా. పక్కన ఒక నంబరు, అంతే. నా బతుకంతా ఆ సేమ్యా ముక్కల్లో ఉందనిపించింది. మే నెల ఎండలు. ఎండలో నిలిపిన కారులో పెడితే మైనం మెత్తబడుతుందని ల్యాబులో ఒక అబ్బాయి హెచ్చరించాడు. చేతిరుమాలులో చుట్టి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకున్నాను. శాతవాహన ఎక్స్‌ప్రెస్‌లో సికింద్రాబాదు దాకా ఒళ్లోనే ఉంచుకున్నాను. పాపను ఎత్తుకుని నువ్వు పక్కన కూర్చున్నావు.

నేను: అది ఏడుస్తుంటే నువ్వు పాలివ్వాలా వద్దా అని అడిగావు.

వదిన: కీమో మొదలైతే మాన్పించాలని తెలుసు. ఆ ప్రయాణంలో ఎన్నిసార్లు ఇచ్చానో లెక్కలేదు. సరే. ఆ రెండో ఆసుపత్రిలో బ్లాకు నుంచి కొత్తగా పొరలు కోసి మళ్లీ పరీక్ష చేశారు, ఫిష్ కూడా చేశారు. హెర్-2 ఉందని తేలింది. అక్కడ ముక్కలను పరీక్షించే పాథాలజీ డాక్టరు ఎంత ఓపికగా చెప్పారో! ముక్కను తీసిన గంటలోపు ఫార్మలిన్‌లో, అంటే అది పాడవకుండా ఉంచే ద్రవంలో వేయాలట. అందులో కనీసం 6 గంటలు ఉంచాలి, 72 గంటలు దాటకూడదు. ఇందులో తేడా వస్తే ఫలితం తారుమారు కావచ్చు.

నేను: దానితో చికిత్స ఎంత మారింది?

వదిన: వరుసే మారిపోయింది. ముందు ఆపరేషన్ కాదు, ముందు మందు అన్నారు. కీమోతో పాటు హెర్-2 మీద పనిచేసే ట్రాస్టుజుమాబ్. గడ్డ లోపల ఉండగానే మందిస్తే అది కరుగుతోందో లేదో కంటికి కనిపిస్తుంది. ముందే కోసేస్తే ఆ అవకాశం పోతుంది. తర్వాత ఎంత వెతుక్కున్నా దొరకదు. అందుకే అంటున్నాను, రెండో డాక్టరు దగ్గరికి ఆపరేషన్ కన్నా ముందే వెళ్లాలి. నాకు ఆరు విడతలకు గడ్డ దాదాపు కనిపించకుండా పోయింది. ఆ చోటు గుర్తుండేలా మొదట్లోనే లోపల చిన్న క్లిప్పు పెట్టారు. చివరికి ఆ భాగం మాత్రమే తీసి రేడియేషన్ ఇచ్చారు.

నేను: మొత్తం తీసేస్తేనే పూర్తిగా పోతుందని అమ్మ ఇప్పటికీ నమ్ముతుంది.

వదిన: ఇటలీలో, అమెరికాలో రెండు రకాల ఆపరేషన్లు చేసినవాళ్లను 20 ఏళ్లు గమనించారు. 2002లో ఫలితాలు వచ్చాయి. గడ్డ తీసి రేడియేషన్ ఇచ్చినవాళ్లూ, మొత్తం తీయించుకున్నవాళ్లూ అంతే కాలం బతికారు. అందరికీ గడ్డ మాత్రమే తీయడం కుదరదు, అది నిజం. కానీ కుదురుతుందా అని అడగాలి కదా. ఇంకో రెండు విషయాలు నన్ను మొదటి చోట ఎవరూ అడగలేదు. ఇంకో బిడ్డ కావాలా అన్నది ఒకటి. కీమోకు ముందే అండాలు దాచుకోవచ్చు, దానికి సుమారు రెండు వారాలు పడుతుంది. తర్వాత అడిగితే ఆలస్యమే. రెండోది, బీఆర్‌సీఏ జన్యు పరీక్ష, అంటే రొమ్ము క్యాన్సర్ ముప్పు పెంచే జన్యు మార్పు వంశంలో వచ్చిందా అని చూసేది. ఇంత చిన్న వయసులో వస్తే తప్పక చేయించాలి. నాకు లేదని వచ్చింది. ఉంటే ఆపరేషన్ నిర్ణయం కూడా వేరుగా ఉండేదేమో.

నేను: ఖర్చుకు భయపడేవాళ్లకు ఒక మాట. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. విశాఖ దగ్గర అగనంపూడిలో హోమీ బాబా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, అది టాటా మెమోరియల్ వాళ్లది. వదినా, ఇద్దరు డాక్టర్లూ ఒకే మాట చెప్పి ఉంటే?

వదిన: హాయిగా శుక్రవారం వెళ్లి చేయించుకునేదాన్ని. ఆ ధైర్యం కోసమైనా వెళ్లవచ్చు. నాకు కోపం వచ్చేది వేరే. ఆకుపసరు ఇచ్చేవాడి దగ్గరికి వెళ్లడాన్నీ సెకండ్ ఒపీనియనే అంటారు కొందరు. మా వార్డులో ఒకామె అలా ఎనిమిది నెలలు పోగొట్టుకుని వచ్చింది. నాకన్నా నాలుగేళ్లు చిన్నది.

నేను: ఆ బ్లాకు ఇప్పుడెక్కడ ఉంది?

వదిన: ఆసుపత్రి నుంచి తిరిగి తెచ్చుకున్నాను. బీరువాలో, పాప టీకాల కార్డు పక్కనే ఉంది. ఎండ తగలని చోట. సోమవారం మామోగ్రామ్ ఉంది, మీ అన్నయ్యకు సెలవు దొరకలేదు. నువ్వు వస్తావా?

నేను: వస్తాను. పాపను కూడా తీసుకెళ్దాం.