ప్యూర్టో వయార్టా దక్షిణ తీరం: వాటర్ టాక్సీలో ఒక్క రోజు బీచ్ ట్రిప్ ప్లాన్ చేసుకోవడం ఎలా?

నమస్కారం అండీ. ఈ వీడియోలో మెక్సికో పసిఫిక్ తీరంలో, ప్యూర్టో వయార్టాకి దక్షిణాన కొండల మలుపుల్లో ఉన్న చిన్న చిన్న బీచ్‌లని పడవ మీద ఒక్క రోజులో ఎలా చుట్టి రావాలో చూద్దాం. పెద్ద క్యాటమరాన్ టూర్ కాదు. అక్కడి ఊళ్ళ జనం రోజూ ఎక్కి దిగే వాటర్ టాక్సీలో వెళ్దాం. అమెరికాలో ఉండే మనవాళ్ళు లాంగ్ వీకెండ్‌కి వయార్టా బాగానే వెళ్తున్నారు, కానీ చాలామంది హోటల్ బీచ్ దగ్గరే ఆగిపోతున్నారు. అసలు అందమంతా దక్షిణ తీరంలో ఉంది.

ముందు వీసా సంగతి, ఒక్క నిమిషం. ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్ళకి చెల్లుబాటులో ఉన్న యూఎస్ వీసా గానీ గ్రీన్ కార్డ్ గానీ ఉంటే టూరిస్టుగా వెళ్ళడానికి మెక్సికో వీసా విడిగా అక్కర్లేదు. హెచ్‌-1బీ వాళ్ళు జాగ్రత్త. అప్రూవల్ నోటీసు కాదు, పాస్‌పోర్ట్‌లో యూఎస్ వీసా స్టాంపు గడువు తేదీ చూసుకోండి. టికెట్ కొనే ముందు కాన్సులేట్ సైట్‌లో ఒకసారి సరిచూసుకోండి. సరే, పదండి.

(స్క్రీన్ మీద మ్యాప్)

ఇదిగో మ్యాప్. ఇది బాందేరాస్ బే. ఇక్కడ వయార్టా. ఈ 200 నంబర్ హైవే పట్టుకుని తీరం వెంబడి దక్షిణానికి రండి, రండి, రండి... ఇక్కడ. రోడ్డు సముద్రాన్ని వదిలేసి కొండల్లోకి తిరిగిపోయింది కదా? సరిగ్గా ఆ మలుపులో ఉన్న ఊరే బోకా దె తొమాట్లాన్. మన పడవ ఇక్కడే ఎక్కుతాం.

వెతికేటప్పుడు పూర్తి పేరు కొట్టండి, 'బోకా దె తొమాట్లాన్' అని. ఉత్త 'తొమాట్లాన్' అని కొడితే... చూడండి, ఎక్కడికి తీసుకుపోయిందో. ఇది వేరే ఊరు, చాలా దూరం దక్షిణాన. టాక్సీ యాప్‌లో కూడా ఇదే తికమక. పూర్తి పేరు కొట్టి, పిన్ సముద్రం పక్కన ఉందో లేదో చూసుకోండి.

బోకా నుంచి పడమటికి జరుగుతూ వెళ్తే వరసగా లాస్ ఆనిమాస్, కిమిక్స్టో, మహావీటాస్, చివర్న యెలాపా. ఇప్పుడు మ్యాప్ మీద వేలు నొక్కి పట్టుకోండి, 'దూరం కొలవండి' అనే ఆప్షన్ వస్తుంది. బోకా నుంచి యెలాపాకి నేరుగా గీత లాగితే... దాదాపు 13 కిలోమీటర్లు. మ్యాప్స్‌లో పడవ రూటు చూపించదు, అందుకే నేనైతే ఈ కొలిచే టూల్ వాడతాను. ఆఫ్‌లైన్ మ్యాప్ కూడా ఇప్పుడే దించుకోండి. ఆ కొండల వెనక సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది.

సరే. ఇప్పుడు అసలు విషయం. ఈ మొత్తం ట్రిప్‌లో గుర్తుపెట్టుకోవాల్సింది ఒక్కటే. ముందు దూరం, తర్వాత దగ్గర. మళ్ళీ చెప్తున్నా, ముందు దూరం, తర్వాత దగ్గర. పొద్దున్నే నేరుగా యెలాపా వెళ్ళిపోవాలి, తర్వాత ఒక్కో బీచ్ దగ్గర దిగుతూ బోకా వైపు వెనక్కి రావాలి.

చాలామంది దీనికి తలకిందులుగా చేస్తారు. దగ్గర్లో ఉంది కదా అని ముందు లాస్ ఆనిమాస్‌లో దిగుతారు, అక్కడే మధ్యాహ్నం అయిపోతుంది, అప్పుడు యెలాపా పడవ ఎక్కుతారు. అలా వెళ్తే ఏమవుతుందో విండీ యాప్‌లో చూద్దాం. నాకు ఈ పనికి విండీయే ఇష్టం, గంట గంటకీ గాలి ఎటు తిరుగుతుందో బాణాలతో చూపిస్తుంది.

ఇదిగో, ఉదయం ఎనిమిది. బే అంతా నీలం రంగు, గాలి లేదు. కింద ఈ టైమ్ బార్ జరుపుతున్నా... తొమ్మిది, పది... పన్నెండు... మూడు. చూశారా? రంగు మారింది, బాణాలన్నీ పడమటి నుంచి బే లోపలికి తిరిగాయి. పగలు నేల వేడెక్కేకొద్దీ సముద్రం మీది గాలి లోపలికి లాగుకొస్తుంది. ఎండ కాసే రోజుల్లో దాదాపు రోజూ ఇదే వరస.

ఇప్పుడు ఆలోచించండి. యెలాపా పడమటి వైపు ఉంది. మధ్యాహ్నం బయల్దేరితే ఎదురుగాలి, ఎదురు కెరటాలు. వాటర్ టాక్సీ అంటే పాంగా, ఫైబర్ గ్లాస్ పడవ, వెనక ఔట్‌బోర్డ్ మోటారు, కూర్చోవడానికి అడ్డంగా వేసిన బల్లలు. కెరటం ఎక్కిన ప్రతిసారీ ముందు భాగం పైకి లేచి ధన్‌మని నీళ్ళ మీద పడుతుంది. నడుం నొప్పి ఉన్నవాళ్ళకి నరకం. అదే పొద్దున వెళ్ళి మధ్యాహ్నం తిరిగొస్తే, వచ్చేటప్పుడు గాలి వెనక నుంచి తోస్తుంది. అదే సముద్రం, అదే పడవ, కానీ ఒళ్ళు హూనం అవ్వదు. పెద్దవాళ్ళని, పిల్లల్ని తీసుకెళ్తే ఇది ఇంకా ముఖ్యం.

గాలి వేగం ఏ యూనిట్‌లో ఉందో కూడా చూసుకోండి. ఇక్కడ నొక్కితే నాట్స్, అంటే సముద్రం మీద వేగం కొలిచే లెక్క, మళ్ళీ నొక్కితే గంటకి కిలోమీటర్లు. మధ్యాహ్నానికి 12 నాట్స్ దాటుతుందంటే నీళ్ళ మీద తెల్ల నురగ మొదలవుతుంది. ఆ రోజు యెలాపా నుంచి కాస్త ముందే బయల్దేరండి. గాలి మరీ ఎక్కువైతే కాపిటానియా దె పువెర్టో, అంటే పోర్టు అధికారులు, చిన్న పడవలకి రేవు మూసేస్తారు. అప్పుడు పాంగా వాణ్ణి బతిమాలొద్దు, ప్రోగ్రాం మర్నాటికి మార్చుకోండి.

సీజన్ గురించి త్వరగా. జూన్ మధ్య నుంచి అక్టోబర్ దాకా వానలు. తూర్పు పసిఫిక్‌లో తుఫాన్ల కాలం మే 15 నుంచి నవంబర్ 30. 2023 అక్టోబర్ 10న లిడియా హరికేన్ ఈ వయార్టాకి దక్షిణాన ఉన్న తీరం మీదే విరుచుకుపడింది, కాబట్టి అక్టోబర్‌లో వెళ్ళేవాళ్ళు వాతావరణం రోజూ చూడాల్సిందే. డిసెంబర్ నుంచి మార్చి దాకా మంచి కాలం, సముద్రంలో హంప్‌బ్యాక్ తిమింగలాలు కూడా కనిపిస్తాయి. కనిపించాయి కదా అని దగ్గరికి పోనివ్వమని వాటర్ టాక్సీ వాణ్ణి అడక్కండి. దగ్గరికి వెళ్ళడానికి పర్మిట్ ఉన్న పడవలు వేరే ఉంటాయి.

ఇక బ్యాగ్. 20 లీటర్ల డ్రై బ్యాగ్, అంటే నీళ్ళు చొరబడని సంచి, ఒకటి చాలు. మూతి దగ్గర ఇసుక, చెమ్మ తుడిచి, గాలి కాస్త లోపలే ఉంచి, ఇలా... ఒకటి, రెండు, మూడు మడతలు, అప్పుడు బకిల్. రెండు మడతలతో వదిలేస్తే నీళ్ళు లోపలికి పోతాయి. మూతిలో ఇసుక ఇరుక్కున్నా పోతాయి, మడత సరిగ్గా అతుక్కోదు. ఫోన్ పౌచ్ కొత్తదైతే ముందు లోపల టిష్యూ పేపర్ పెట్టి బకెట్ నీళ్ళలో అరగంట ముంచి చూడండి. టిష్యూ పొడిగా ఉంటేనే ఫోన్ పెట్టండి.

నగదు పెసోల్లో, చిన్న నోట్లుగా. యెలాపాలో ఏటీఎం ఉంటుందనీ కార్డు గీకొచ్చనీ అనుకోవద్దు. మంచి నీళ్ళు, టోపీ, పొడుగు చేతుల స్విమ్ షర్టు, నీళ్ళలో తడిసినా ఊడిపోని చెప్పులు. వాంతులయ్యేవాళ్ళు మాత్ర పడవ ఎక్కాక వేసుకుంటే లాభం లేదు, గంట ముందే వేసుకోవాలి.

బయల్దేరదాం. వయార్టా పాత ఊళ్ళో, జోనా రొమాంటికాలో, కాన్‌స్టిట్యూసియోన్ వీధి, బసీలియో బాదీయో వీధి కలిసే మూల దగ్గర బస్సు. అద్దం మీద 'బోకా' అని రాసి ఉంటుంది. అదే ఎక్కండి, కొన్ని మిస్మలోయా వరకే వెళ్తాయి. అరగంట, ముప్పావు గంట పడుతుంది. వెళ్ళేటప్పుడు కుడివైపు కూర్చోండి, సముద్రం అటే. వయార్టాలోనే ఉన్న లోస్ మ్వెర్టోస్ పియర్ అనే పడవల రేవు నుంచి కూడా నేరుగా యెలాపాకి వాటర్ టాక్సీలు ఉన్నాయి, కానీ సముద్రం మీద టైమ్ ఎక్కువ. సముద్రం పడనివాళ్ళకి బోకానే మేలు.

ఒక తేడా మాత్రం ఉంది. నీళ్ళలోంచి లేచిన ఈ రాతి దీవులు, లోస్ ఆర్కోస్, మిస్మలోయా ఎదురుగా ఉంటాయి. అంటే బోకా కన్నా ముందే. బోకాలో ఎక్కితే వాటి మీదుగా పోరు. అక్కడ స్నార్కెలింగ్ చేయాలంటే పాంగా మొత్తం మాట్లాడుకోవాలి. అప్పుడు ధర మనిషికా, పడవకా అని ముందే తేల్చుకోండి. ఎన్ని చోట్ల ఆపుతాడు, ఒక్కో చోట ఎంతసేపు ఆగుతాడు, అదీ అడగండి. డబ్బు సగం ముందు, సగం బోకాలో దిగాక.

మనం మామూలు వాటర్ టాక్సీకే వద్దాం. మన షేర్ ఆటోలాగే, ఎవరు ఎక్కడ దిగుతామంటే అక్కడ ఆపుతూ పోతుంది. టికెట్ దగ్గర ఒక్క మాట చెప్పండి: 'సెన్సీయో'. అంటే ఒకవైపు టికెట్. 'రెదొందో' అంటే రానూ పోనూ, కాస్త చవక పడొచ్చు, కానీ దాంతో అదే సంస్థ పడవలో తిరిగి రావాలి. మనం మధ్యలో రెండు చోట్ల దిగుతున్నాం కాబట్టి సెన్సీయోనే మేలు.

పడవలో వెనక, మోటారుకి దగ్గరగా కూర్చోండి. కుదుపు అక్కడే తక్కువ. ముందు బల్ల మీద ఫొటోలు బాగా వస్తాయి, దెబ్బలు కూడా బాగానే తగులుతాయి. లైఫ్ జాకెట్, 'చలేకో' అని అడిగి తీసుకోండి, తీసుకుని వేసుకోండి, ఒళ్ళో పెట్టుకోవద్దు.

యెలాపా దగ్గర పడుతుంటే అడుగుతాడు, 'ప్లాయా?' 'ప్వెబ్లో?' బీచ్‌లోనా, ఊళ్ళోనా అని. జలపాతం, కోలా దె కబాయో, చూడాలంటే ప్వెబ్లో అనండి. జెట్టీ మీద దిగుతారు, ఊరి సందుల్లోంచి పైకి నడిచిపోవచ్చు. బీచ్ వైపు దిగితే మధ్యలో నది ఉంటుంది, దాన్ని దాటి రావాలి.

బీచ్‌లో దిగేటప్పుడు మాత్రం ఇది చూడండి, వీడియో స్లో చేస్తున్నా. పడవ ముక్కు ఇసుకకి ఆనింది. ఇప్పుడే దూకకూడదు. వెనక నుంచి ఒక కెరటం వస్తోంది, పడవని ఎత్తింది, ముందుకి తోసింది... ఇప్పుడు నీరు వెనక్కి లాగింది. ఇదీ టైమ్. బ్యాగ్ ముందు కింద ఉన్న మనిషికి అందించండి, రెండు చేతులూ ఖాళీగా పెట్టుకుని, పక్క నుంచి దిగి, ఒక్కసారి ఆగకుండా పక్కకీ పైకీ నడిచేయండి. పడవకీ ఒడ్డుకీ మధ్య ఎప్పుడూ నిలబడొద్దు. పక్క మనిషికి చెయ్యి అందిద్దామని సరిగ్గా అక్కడే నిలబడతారు, తర్వాతి కెరటానికి పడవ వచ్చి మోకాళ్ళకి కొడుతుంది. ఆ పడవ బరువుకి మనం ఆపలేం. మోటారు వైపు నుంచి అస్సలు దిగొద్దు.

నీళ్ళలో నడిచేటప్పుడు కాళ్ళు ఎత్తి వేయొద్దు, ఇసుక మీద ఈడుస్తూ నడవండి. స్టింగ్‌రే చేపలు ఇసుక కింద పడుకుని ఉంటాయి, అదురు తగిలితే వాటంతట అవే తప్పుకుంటాయి. తొక్కితేనే కుడతాయి. కుడితే ఓర్చుకోగలిగినంత వేడి నీళ్ళలో కాలు పెట్టించండి, తర్వాత డాక్టర్‌కి చూపించండి.

తిండి. శాకాహారులకి ఒక హెచ్చరిక. బీన్స్‌లో పంది కొవ్వు, మాంటేకా, కలుపుతారు, అన్నం కోడి రసంతో వండొచ్చు. 'సిన్ మాంటేకా, సిన్ కాల్దో దె పోయో' అని అడగండి. చీజ్ కెసడియా, గ్వాకమోలే, పళ్ళు నిశ్చింతగా తినొచ్చు. బీచ్‌లో 'పై' (pie), అంటే లోపల తీపి పెట్టి కాల్చిన వంటకం, అమ్మే ఆడవాళ్ళు బుట్టలతో తిరుగుతుంటారు, కొబ్బరి పై తప్పకుండా తినండి.

దిగగానే చేయాల్సిన పని ఇంకోటి. జలపాతం కాదు, ఫొటో కాదు. దింపిన పడవ వాణ్ణే అడగండి: 'ఆ కే ఓరా సాలే లా ఊల్టిమా పాంగా?' చివరి పడవ ఎన్నింటికి అని. అంకెలు అర్థం కాకపోతే ఫోన్‌లో గడియారం చూపించి అడగండి. ఆన్‌లైన్‌లో దొరికే టైమ్ టేబుల్ నమ్మొద్దు, సీజన్‌ని బట్టి, జనాన్ని బట్టి మారిపోతుంది. తెలుసుకున్న టైమ్‌కి ఒక పడవ ముందుదే మీ చివరి పడవ అనుకోండి, ఎందుకంటే చివరిది నిండిపోతే యెలాపాలో రాత్రి గది వెతుక్కోవాల్సిందే. కిమిక్స్టోలో దిగినా, లాస్ ఆనిమాస్‌లో దిగినా ఇదే ప్రశ్న మళ్ళీ అడగండి. మధ్య ఊళ్ళలో పడవ నిండుగా వస్తే ఆపకుండా వెళ్ళిపోతుంది కూడా.

అందుకే లాస్ ఆనిమాస్‌ని ఆఖర్న పెట్టాం. బోకాకి ఇదే దగ్గర, పడవలూ ఇక్కడ ఎక్కువ. ఒళ్ళు సహకరిస్తే ఇక్కణ్ణుంచి కొండ అంచున కాలిబాట కూడా ఉంది, దారిలో కొలొమీటోస్ అనే చిన్న బీచ్ మీదుగా బోకా చేరుస్తుంది. రెండు, మూడు గంటల నడక, ఎక్కుడూ దిగుడూ ఎక్కువ. మూడు దాటాక మాత్రం మొదలుపెట్టొద్దు. చెట్ల కింద త్వరగా చీకటి పడుతుంది, రాళ్ళ మీద కాలు జారుతుంది. వాన పడిన మర్నాడు అసలే వద్దు.

బోకాలో దిగాక బస్సు హైవే మీద దొరుకుతుంది, రేవు నుంచి పైకి ఎక్కి రావాలి. తడి బట్టలతో ఏసీ బస్సు కాకుండా కిటికీలు తెరిచి ఉన్నది ఎక్కండి. ఛార్జీకి చిల్లర పెసోలు చేతిలో ఉంచుకోండి.