డయాలసిస్‌కు ముందే టీకా ఎందుకు?
(సోంపేటలో కిడ్నీ రోగుల కుటుంబాలను, ఆశా కార్యకర్తలను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)

సభలోని పెద్దలకు, ఆశా కార్యకర్తలకు, కవిటి, కంచిలి, పలాస వైపు నుంచి వచ్చిన అక్కచెల్లెళ్లకు, అన్నదమ్ములకు నమస్కారం.

రక్తంలో క్రియాటినిన్ అనే వ్యర్థం పెరిగితే కిడ్నీలు దెబ్బతిన్నట్టని, కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న మన ఉద్దానంలో ఎవరికీ చెప్పనక్కరలేదు. రిపోర్టు చేతికి రాగానే ఇంటిల్లిపాదీ ఆ ఒక్క అంకె కోసమే వెతుకుతారు. ఈ రోజు మిమ్మల్ని నేను కోరేది ఒక్కటే. ఆ అంకె పెరిగిందని తెలిసిన నాడే, కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్ బి వైరస్‌కు వేసే టీకా సంగతి డాక్టరుగారిని అడగండి. డయాలసిస్ మొదలయ్యేదాకా ఆగకండి. అంత తొందర ఎందుకో తెలియాలంటే మన ఒంట్లో క్రిములతో పోరాడే తెల్ల రక్తకణాల్లో ఒక రకమైన బి కణాల పని తెలియాలి.

బి కణం ఎముక మజ్జలో పుడుతుంది. పుట్టే ప్రతి కణమూ తన జన్యువుల్లోంచి కొన్ని ముక్కలు ఏరి, కత్తిరించి, అతికించి క్రిమిని పట్టుకునే తనదైన ఒక గ్రాహకాన్ని తయారుచేసుకుంటుంది. ఆ గ్రాహకం ప్రోటీను గొలుసులతో తయారవుతుంది. వాటిలో పెద్ద గొలుసునే చూడండి. దాని కోసం జన్యువుల్లో వి రకం ముక్కలు సుమారు 40, డి రకం 23, జె రకం 6 ఉంటాయి. ఒక్కో రకంలోంచి ఒక్కటి తీసుకుంటుంది. అతుకు పడిన చోట కొన్ని జన్యు అక్షరాలు కొత్తగా చేరతాయి, కొన్ని ఊడిపోతాయి. అందుకే కోట్ల రకాల బి కణాలు పుడతాయి. జన్యువులు ఇలా స్థానం మారతాయని 1976లో నిరూపించిన సుసుము టోనెగావాకు 1987లో నోబెల్ బహుమతి వచ్చింది. మనం ఇంకా ఎదుర్కోని క్రిమికి సరిపడే కణం కూడా ముందే పుట్టి ఉండవచ్చు. ఎన్నేళ్లుగా పాఠం చెబుతున్నా నాకు ఈ విషయం దగ్గర ఆశ్చర్యం తీరదు. మన సొంత కణాలనే పట్టుకునే గ్రాహకం తయారైతే, మజ్జలోనే దాన్ని సరిదిద్దుకునే అవకాశం ఉంటుంది. కుదరకపోతే ఆ కణం అక్కడే చనిపోతుంది.

మజ్జ దాటిన కణం లింఫు గ్రంథులకు, ప్లీహానికి చేరుతుంది. టీకా వేసినప్పుడు అసలు పని జరిగేది ఇక్కడే. హెపటైటిస్ బి టీకాలో వైరస్ ఉండదు. దాని పైపొరలోని ఒక ప్రోటీను మాత్రమే ఉంటుంది. దాన్ని ఈస్టు కణాల్లో తయారుచేస్తారు. మన దేశంలో దీన్ని మొదట తయారుచేసింది హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్, 1997లో. ఈ ప్రోటీనును పట్టుకోగలిగిన బి కణానికి, మరో రకం తెల్ల రక్తకణమైన సహాయక టి కణం తోడు కావాలి. ఆ తోడు దొరికితేనే బి కణం వేగంగా విభజన చెందుతుంది. విభజన చెందేటప్పుడు తన గ్రాహకపు జన్యువులో చిన్న చిన్న మార్పులు చేసుకుంటుంది. కొన్ని మార్పులతో పట్టు బిగుస్తుంది, కొన్నింటితో సడలుతుంది. పలాస జీడి పరిశ్రమలో ఆడవాళ్లు నిండు పప్పును, బద్దను, ముక్కను ఎలా వేరుచేస్తారో మీకు తెలుసు కదా. గ్రంథిలోనూ అలాంటి ఏరివేతే, రోజుల తరబడి, విడత తరువాత విడతగా నడుస్తుంది. పట్టు గట్టిగా ఉన్న కణాలకే టి కణం సాయం అందుతుంది. మిగిలినవి చనిపోతాయి.

నెగ్గిన కణాల్లో కొన్ని ప్లాస్మా కణాలుగా మారి మళ్లీ మజ్జకు వెళ్లి, క్రిమిని పట్టుకుని అడ్డుకునే యాంటీబాడీలనే ప్రోటీన్లను ఏళ్ల తరబడి విడుదల చేస్తూ ఉంటాయి. మరికొన్ని జ్ఞాపక కణాలుగా మిగులుతాయి. తరువాతి మోతాదు వేసినప్పుడు ముందుగా కదిలేవి ఇవే. మోతాదుల మధ్య నెలల ఎడం పెట్టేది ఈ ఏరివేతకు వ్యవధి ఇవ్వడానికే. మొదటి ఇంజెక్షను వేయించుకుని మిగతావి మానేస్తే ఆ పని సగంలోనే ఆగిపోతుంది.

ఇక కిడ్నీల సంగతి. కిడ్నీలు దెబ్బతిన్నప్పుడు రక్తంలో వ్యర్థాలు పేరుకుంటాయి. దాంతో సహాయక టి కణాలు మందగిస్తాయి, బి కణాల సంఖ్యా తగ్గుతుంది. అందుకే ఆరోగ్యవంతులైన పెద్దలకు 20 మైక్రోగ్రాముల చొప్పున 3 మోతాదులు సరిపోతే, డయాలసిస్ రోగులకు సాధారణంగా 40 మైక్రోగ్రాముల చొప్పున 4 మోతాదులు వేస్తారు. మొదటి రోజున ఒకటి, ఆ తరువాత 1, 2, 6 నెలలకు మిగతావి. ఇంత వేసినా కొందరిలో యాంటీబాడీలు చాలినంత రావు. జబ్బు తొలి దశలోనే వేయించుకున్నవారిలో ఫలితం మెరుగ్గా ఉంటుంది. హెపటైటిస్ బి రక్తం ద్వారా సోకే వ్యాధి. వారానికి రెండు మూడుసార్లు తన రక్తాన్ని యంత్రం గుండా పంపాల్సిన మనిషికి ఈ రక్షణ ఎంత అవసరమో వేరే చెప్పాలా?

ఇప్పటికే డయాలసిస్‌లో ఉన్నవారు నిరాశపడవద్దు, టీకా వారికీ వేస్తారు. ఆశా అమ్మలూ, మీకు ఒక మాట. చివరి మోతాదు పడిన నెల, రెండు నెలల లోపు యాంటీబాడీ పరీక్ష చేయించారా అని అడగండి. మిల్లీలీటరుకు 10 మిల్లీ అంతర్జాతీయ యూనిట్లు, అంతకుమించి ఉంటే రక్షణ ఉన్నట్టు. తక్కువ ఉంటే మళ్లీ మొత్తం మోతాదులు వేస్తారు. డయాలసిస్ రోగులలో ఈ అంకె ఏళ్లు గడిచేకొద్దీ పడిపోతుంది కాబట్టి ఏడాదికోసారి చూడాలి. 10 కంటే దిగితే బూస్టరు మోతాదు ఒకటి వేస్తారు. క్రియాటినిన్ రిపోర్టు దాచుకునే సంచిలోనే ఈ కాగితాన్నీ పెట్టించండి.