బోర్డు మీద ‘ఆర్గానిక్’ అని రాయవచ్చా? : హోటల్ యజమానులతో ఫోన్-ఇన్

వ్యాఖ్యాత: శ్రోతలకు నమస్కారం. నేలకూ రైతుకూ మేలు చేసే పద్ధతిలో వండిన భోజనాన్ని జనానికి ఎలా పరిచయం చేయాలి, దాని గురించి ఎంతవరకు చెప్పుకోవచ్చు అన్నది నేటి విషయం. ఆహార వ్యాపారాలకు సలహాదారుగా పనిచేస్తున్న నిపుణురాలు మనతో ఉన్నారు. మొదటి ఫోన్ హనుమకొండ నుంచి. చెప్పండి.

శ్రోత (హనుమకొండ): నమస్తే మేడమ్. నక్కలగుట్ట దగ్గర జొన్నరొట్టె, గట్క, పప్పు, ఎల్లిగడ్డ కారం పెట్టి చిన్న హోటల్ తెరవబోతున్నాను. జొన్నలు ఆదిలాబాద్ వైపు మాకు తెలిసిన రైతుల దగ్గర కొంటున్నాను, వాళ్లు మందులు కొట్టరు. బోర్డు మీద ‘ఆర్గానిక్ భోజనం’ అని రాయిస్తే బాగుంటుందని అందరూ అంటున్నారు. రాయించమంటారా?

నిపుణురాలు: రాయించకండి. మీ రైతుల మీద నాకు అనుమానం ఉండి ఈ మాట అనడం లేదు. ఆర్గానిక్ అనే మాటకు మన దేశంలో 2017 నుంచి ప్రత్యేక నిబంధనలు ఉన్నాయి. ఆ పేరుతో అమ్మే ఆహారానికి కేంద్ర ప్రభుత్వ సేంద్రియ ఉత్పత్తి కార్యక్రమమైన ఎన్‌పీఓపీ ధ్రువీకరణ కానీ, రైతులు గుంపుగా ఏర్పడి ఒకరి పొలాన్ని ఒకరు తనిఖీ చేసుకునే పీజీఎస్-ఇండియా ధ్రువీకరణ కానీ ఉండాలి. నేరుగా తినేవారికే అమ్ముకునే చిన్న రైతుకు కొంత మినహాయింపు ఉంది కానీ, ఆ రైతు దగ్గర కొని వండి అమ్మే హోటల్‌కు అది వర్తించదు. పైగా మీ పప్పు, నూనె, ఉల్లిగడ్డ, కారం అన్నీ అదే రైతుల దగ్గరి నుంచి రావు కదా? ‘ఆర్గానిక్ భోజనం’ అంటే పళ్లెంలో ఉన్న ప్రతి వస్తువుకూ మీరు పూచీ పడినట్టు అవుతుంది.

శ్రోత (హనుమకొండ): ఉల్లిగడ్డ, నూనె మార్కెట్‌లోనే కొంటాను మేడమ్. మరి ఏం రాయమంటారు?

నిపుణురాలు: మీరు చూపించగలిగింది రాయండి. ‘ఆదిలాబాద్ జిల్లా పచ్చజొన్నలు, రైతుల దగ్గర నేరుగా కొన్నవి, అప్పటికప్పుడు చేతితో చేసిన రొట్టె.’ ఊరి పేరు, పంట కాలం, ఒప్పుకుంటే రైతు ఫొటో మెనూ కార్డు మీద వేయండి. కొన్న రసీదులు దాచుకోండి, ఎవరైనా అడిగితే చూపించండి. నన్నడిగితే ఈ వాక్యం ఆర్గానిక్ అనే ముద్ర కన్నా బలమైనది, ఎందుకంటే ఆ ముద్రను పక్క హోటల్ కూడా రేపు వేసుకోవచ్చు, మీ రైతును మాత్రం తెచ్చుకోలేదు. ఇంకొకటి, రొట్టెలు చేసే పెనాన్ని వెనక వంటగదిలో దాచకండి. వీధిలోకి కనిపించేలా పెట్టండి. సాయంత్రం పూట రొట్టెలు కొట్టే చప్పుడు, కాలుతున్న వాసన చేసే ప్రచారం ఏ ఫ్లెక్సీ చేయదు.

శ్రోత (హనుమకొండ): షుగర్ ఉన్నవాళ్లు చాలామంది వస్తారని అనుకుంటున్నాను. ‘షుగర్ తగ్గించే భోజనం’ అని...

నిపుణురాలు: ఆ మాట అసలు వద్దండి. ఆహారం జబ్బును నయం చేస్తుందని, నివారిస్తుందని ప్రకటించడాన్ని ఆహార భద్రత నిబంధనలు అంగీకరించవు. తప్పుదారి పట్టించే ప్రకటనకు ఆహార భద్రత, ప్రమాణాల చట్టం కింద 10 లక్షల రూపాయల వరకు జరిమానా ఉంది. జొన్నలో పీచు ఎక్కువని జనానికి ఇప్పటికే తెలుసు, మీరు జొన్నరొట్టె అని రాస్తే చాలు, మిగతాది వాళ్లే అనుకుంటారు. రొట్టెలో గోధుమపిండి కలుపుతుంటే మాత్రం ఎంత కలుపుతున్నారో రాయండి. ‘మిల్లెట్ దోశ’ అని పేరు పెట్టి ముప్పాతిక బియ్యం పోసే హోటళ్ల వల్ల నిజాయితీగా చేసేవారికి కూడా చెడ్డపేరు వస్తోంది.

వ్యాఖ్యాత: కరీంనగర్ నుంచి ఒక సోదరి లైన్‌లో ఉన్నారు.

శ్రోత (కరీంనగర్): నమస్తే అమ్మా. నేను మెస్ నడుపుతాను, ఎక్కువగా కాలేజీ పిల్లలు తింటారు. ప్లాస్టిక్ ప్లేట్లు మానేసి మోదుగాకు విస్తర్లు తెప్పిస్తున్నాను. ‘ఎకో ఫ్రెండ్లీ మెస్’ అని ఇన్‌స్టాగ్రామ్‌లో పెడితే మంచిదేనా?

నిపుణురాలు: మోదుగ విస్తరి తెప్పించడం చాలా మంచి పని తల్లీ. అయితే ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాల వాడకాన్ని 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధించారు. చట్టం వద్దన్నదాన్ని మానేయడం గొప్పగా చెప్పుకునే విషయం కాదు. ‘ఎకో ఫ్రెండ్లీ’, ‘గ్రీన్’, ‘సస్టెయినబుల్’ వంటి మాటల మీద కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 అక్టోబరులో మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ మాట వాడితే దేని గురించి అంటున్నారో, దానికి ఆధారం ఏమిటో అక్కడే చెప్పాలి, లేదా క్యూఆర్ కోడ్ ద్వారా చూపాలి. కాబట్టి ‘అడవి ఆకుతో కుట్టిన విస్తరిలో భోజనం’ అని ఒక్క ఫొటో పెట్టండి. అది నిజం, చూడటానికీ అందంగా ఉంటుంది. విస్తర్లు ఎవరు కుడుతున్నారో తెలుసా?

శ్రోత (కరీంనగర్): ములుగు వైపు నుంచి వస్తాయని దుకాణదారు చెప్పాడు, అంతవరకే తెలుసు.

నిపుణురాలు: వీలైతే ఒకసారి వెళ్లి కుట్టేవారిని కలవండి, వారి దగ్గరే నేరుగా కొనండి. అప్పుడు మీకు చెప్పుకోవడానికి ఒక కథ ఉంటుంది, వారికి నాలుగు రూపాయలు ఎక్కువ మిగులుతాయి. కానీ మెస్‌లో అసలు నష్టం విస్తరి దగ్గర జరగదు, చెత్తబుట్టలో జరుగుతుంది. పారేసే అన్నం రోజూ ఎంత ఉంటుంది?

శ్రోత (కరీంనగర్): తూచలేదు అమ్మా. రాత్రి పూట ఒక పెద్ద బకెట్ నిండుతుంది.

నిపుణురాలు: ఒక వారం తూచండి. పళ్లేల్లో మిగిలింది వేరుగా, వంటగదిలో మిగిలింది వేరుగా. పళ్లేల్లో ఎక్కువ మిగిలితే వడ్డన తప్పు, వంటగదిలో ఎక్కువ మిగిలితే అంచనా తప్పు. కిలో బియ్యం పండడానికి వేల లీటర్ల నీళ్లు పడతాయి, ఆ బకెట్‌లో పోయేది మీ డబ్బు ఒక్కటే కాదు. ‘మొదట కొంచెమే వడ్డిస్తాం, అడిగినంత మళ్లీ వడ్డిస్తాం’ అని గోడ మీద రాయండి. పిల్లలకు తక్కువ పెడుతున్నారన్న అనుమానం రాదు, బకెట్ బరువు తగ్గుతుంది. తగ్గాక ఆ లెక్కను నెలకోసారి అదే గోడ మీద రాయండి. మీరు ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టవలసింది ఆ గోడ ఫొటోను.

వ్యాఖ్యాత: నూనె గురించి కూడా ఒక ప్రశ్న వాట్సాప్‌లో వచ్చింది. కాచిన నూనె మళ్లీ వాడబోమని ప్రకటించుకోవచ్చా అని అడుగుతున్నారు.

నిపుణురాలు: ఎన్నోసారి కాచారన్నదాని కన్నా నూనె ఎంత చెడిందన్నది ముఖ్యం. నూనె మళ్లీ మళ్లీ కాగినకొద్దీ అందులో పెరిగే చెడు పదార్థాలను టోటల్ పోలార్ కాంపౌండ్లు అంటారు, అవి 25 శాతం దాటిన నూనెను వంటకు వాడకూడదు. దాన్ని కొలిచే చిన్న మీటర్లు దొరుకుతాయి. వాడిన నూనెను బయోడీజిల్ తయారీకి సేకరించే అనుమతి ఉన్నవారికి ఇచ్చి, ఆ రసీదును కౌంటర్ దగ్గర అంటించండి, అంతకన్నా ప్రకటన అక్కర్లేదు.

వ్యాఖ్యాత: చివరి ఫోన్ నర్సంపేట నుంచి, రైతు సోదరుడు.

శ్రోత (నర్సంపేట): నమస్కారం మేడమ్. నాది చపాట మిరప తోట. మొన్న 2025లో దానికి జీఐ, అంటే ఫలానా ప్రాంతపు పంట అనే భౌగోళిక గుర్తింపు వచ్చింది కదా. ఎనుమాముల మార్కెట్‌కే వేయకుండా వరంగల్ హోటళ్లకు నేరుగా ఇవ్వాలని ఉంది. ఎవరిని అడిగినా ‘ఘాటు లేని కాయ మాకెందుకు’ అంటున్నారు.

నిపుణురాలు: వాళ్లకు మీరు ఘాటు కోసం అమ్ముతున్నారు, అందుకే కొనడం లేదు. చపాట గొప్పతనం రంగు. కృత్రిమ రంగు లేకుండా ఎర్రగా కనిపించే కూర కావాలనుకునే హోటళ్లు వెతకండి. తందూరీ, బిర్యానీ, పచ్చడి చేసేవారిని ముందుగా కలవండి. రెండు కిలోలు పొడి కొట్టించి ఊరికే ఇచ్చి, వంట మాస్టర్ చేతే ఒక రోజు వండించండి. యజమాని కన్నా మాస్టర్ ఒప్పుకోవడం ముఖ్యం. హోటల్‌వాళ్లు మెనూలో ‘రంగు కలపని, వరంగల్ చపాట మిర్చితో చేసిన చికెన్’ అని రాసుకోవచ్చు, ఆ మాట నిజం కావడానికి మీ సరుకు కావాలి.

శ్రోత (నర్సంపేట): జీఐ ముద్ర నా సంచి మీద వేసుకోవచ్చా?

నిపుణురాలు: అధీకృత వినియోగదారుగా, అంటే ఆ ముద్ర వాడుకునే అనుమతి ఉన్నవారిగా, నమోదు చేసుకున్న తర్వాతే వేసుకోండి. ఒంటరిగా తిరగడం కన్నా మీ ఊళ్లో రైతు ఉత్పత్తిదారుల సంఘం ఉంటే దాని ద్వారా దరఖాస్తు చేయడం తేలిక. హోటల్ మిమ్మల్ని అడిగేది ముద్ర కన్నా ముందు మరొకటి ఉంది: ఏడాది పొడవునా ఒకే నాణ్యత, చెప్పిన రోజుకు సరుకు. ఒక్క తోట పంటతో అది కుదరదు. నలుగురైదుగురు రైతులు కలిసి, కాయను ఒకే తీరుగా ఎండబెట్టి, కోల్డ్ స్టోరేజీలో పెట్టుకుని, నెలకు ఎన్ని కిలోలు, ఏ ధరకు అన్నది హోటల్‌తో కాగితం మీద రాసుకోండి. ధర మార్కెట్‌తో పాటు ఎగిరి పడకుండా, సీజన్ మొదట్లోనే ఇద్దరికీ గిట్టేలా ఒకటి ఖాయం చేసుకోండి.

శ్రోత (నర్సంపేట): రెండు కిలోలు ఊరికే ఇవ్వడానికి మా ఇంట్లో ఒప్పుకోరేమో.

నిపుణురాలు: అయితే అర కిలో ఇవ్వండి, కానీ పొడి కొట్టించే ఇవ్వండి. కాయలు సంచిలో ఇస్తే ఆ మాస్టర్ వాటిని పక్కన పడేస్తాడు.